విదేశీ చదువు: దేశం తేలాక, ఊరి లెక్క

క్లుప్తంగా

ఒకే దేశంలో, ఒకే కోర్సు, అదే ఫీజుతో చదివినా ఊరు మారితే రెండేళ్ల ఖర్చులో లక్షల్లో తేడా వస్తుంది. ఆస్ట్రేలియా వంటి దేశాల్లో చదివిన ఊరిని బట్టే ఆ తర్వాత ఎన్నేళ్లు ఉండనిస్తారన్నది మారుతుంది. అద్దె, మొదటి నెలకు చేతిలో ఉండాల్సిన డబ్బు, చదివిన రంగంలో పని ఎంత దూరంలో దొరుకుతుంది, ఊరితో ముడిపడిన వీసా నిబంధన ఏమిటి అన్న నాలుగు విషయాలు దరఖాస్తు పెట్టకముందే తేలాలి. గోదావరి డెల్టా కుటుంబాలకు వీటితో పాటు ఇంకొకటి ఉంది: పొలం మీద విద్యా రుణం పుట్టదు, పంట డబ్బు వీసా గడువును చూసి రాదు.

ఇప్పుడే ఎందుకీ గందరగోళం

భీమవరం, అమలాపురం, తణుకు, కాకినాడ... ఎక్కడైనా పైచదువు మాట వస్తే ముందు అడిగేది ఏ దేశమని. తర్వాత యూనివర్సిటీ, దాని ర్యాంకు. ఊరి సంగతి చాలా ఇళ్లలో టికెట్టు బుక్ చేసేటప్పుడు గానీ రాదు. కొన్నేళ్ల క్రితం వరకు ఆ క్రమం పెద్దగా నష్టం చేయలేదు. చదువయ్యాక పని వెతుక్కోవడానికి సమయం ఉండేది, వీసాకు చూపించాల్సిన డబ్బు తక్కువ ఉండేది. ఊరు సరిపడకపోయినా సర్దుకునే వెసులుబాటు దొరికేది.

2024 నుంచి ఆ వెసులుబాటు తగ్గుతూ వచ్చింది. కెనడా 2024 జనవరిలో విద్యార్థి అనుమతులకు పరిమితి పెట్టింది. బతుకుతెరువుకు చూపాల్సిన మొత్తాన్ని 10,000 కెనడా డాలర్ల నుంచి 20,635కు, 2025 సెప్టెంబర్ నుంచి 22,895కు పెంచింది. బ్రిటన్‌లో చదువు తర్వాత ఉండనిచ్చే రెండేళ్ల గడువు, 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసే డిగ్రీ, పీజీ విద్యార్థులకు 18 నెలలే. అమెరికా 2025 సెప్టెంబర్‌లో కొత్త హెచ్-1బీ (ఉద్యోగ వీసా) దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించింది. అమెరికాలోనే ఉండి ఎఫ్-1 (విద్యార్థి వీసా) నుంచి మారేవారికి అది వర్తించదని మరుసటి నెలలో స్పష్టత వచ్చినా, ఈలోపు చాలా ఇళ్లలో దేశం పేరే మారిపోయింది. ఫీజు ఉండదని పేరున్న జర్మనీలోనూ మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం 2024 శీతాకాల సెమిస్టర్ నుంచి యూరోపియన్ యూనియన్ బయటి విద్యార్థులకు ఫీజు పెట్టింది. బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రం 2017 నుంచే సెమిస్టర్‌కు 1,500 యూరోలు తీసుకుంటోంది.

రూలు మారిన ప్రతిసారీ దేశం మార్చుకుంటూ పోతే ఆ వెతుకులాటకు అంతుండదు. మారిన రూళ్లన్నిటిలో కనిపించే విషయం ఒక్కటే. చేతిలో సమయం తగ్గింది, ముందుగా పెట్టాల్సిన డబ్బు పెరిగింది. సమయాన్నీ డబ్బునీ రోజూ తినేది దేశం పేరు కంటే ఊరే.

పేరు ఒక ఊరిది, క్యాంపస్ మరో ఊరిది

మొదటి పొరపాటు యూనివర్సిటీ పేరు దగ్గరే జరుగుతుంది. న్యూయార్క్ రాష్ట్ర విశ్వవిద్యాలయం అనగానే న్యూయార్క్ నగరం మెదులుతుంది. అందులో తెలుగు విద్యార్థులు బాగా చేరే బఫలో క్యాంపస్ మాత్రం కెనడా సరిహద్దులో ఉంది. నగరానికి సుమారు 600 కిలోమీటర్లు, అంటే రాజమండ్రి నుంచి చెన్నై అంత దూరం. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం ప్రధాన క్యాంపస్ షికాగోకు 200 కిలోమీటర్ల పైన ఉన్న అర్బానా-షాంపేన్‌లో ఉంది. బ్రిటన్‌లో వార్విక్ విశ్వవిద్యాలయం వార్విక్ ఊళ్లో లేదు, కొవెంట్రీ శివార్లలో ఉంది.

దీనికి తిరగేసిన రకం కూడా ఉంది. బ్రిటన్‌లో కొన్ని యూనివర్సిటీలు అసలు ఊళ్లో ఉంటూ లండన్‌లో చిన్న క్యాంపస్ నడుపుతాయి. పేరు ఉత్తరాది పట్టణానిది, చదువు లండన్‌లో. అప్పుడు వీసాకు చూపాల్సిన డబ్బు లండన్ రేటులోకి పోతుంది. 2025 నవంబర్ నుంచి ఆ రేటు లండన్‌లో నెలకు 1,529 పౌండ్లు, బయట 1,171. తొమ్మిది నెలలకు లెక్కేస్తే 13,761 ఒకవైపు, 10,539 మరోవైపు. ఆఫర్ లెటర్‌లో క్యాంపస్ అన్న గడిని చదవకపోతే ఈ 3,222 పౌండ్ల తేడా బ్యాంకు స్టేట్‌మెంట్ తీసేనాడు గానీ బయటపడదు.

కాబట్టి మొదట చూడాల్సింది తరగతులు జరిగే భవనం చిరునామా. ప్రధాన క్యాంపస్ చిరునామా ఇస్తే సరిపోదు, ఆ విభాగం ఎక్కడుందో కావాలి. కొన్ని చోట్ల ఇంజనీరింగ్ ఒక ఊళ్లో, మేనేజ్‌మెంట్ మరో ఊళ్లో ఉంటాయి.

ఒక అద్దె ప్రకటనను విప్పి చూస్తే

ఊరి ఖర్చులో అన్నిటికంటే పెద్దది అద్దే. అద్దెను నెలకింత అని ఒకే అంకెగా చూడటంలోనే ఎక్కువ ఇళ్లు లెక్క తప్పుతున్నాయి. జర్మనీలో ఒక మామూలు గది ప్రకటన ఇలా ఉంటుందనుకుందాం: 16 చదరపు మీటర్లు, కాల్ట్‌మీటె 340 యూరోలు, నేబెన్‌కోస్టెన్ 110, కౌట్సియోన్ మూడు నెలలు.

కాల్ట్‌మీటె అంటే ఉత్త గది అద్దె. నేబెన్‌కోస్టెన్ అంటే నీళ్లు, చెత్త, చాలాచోట్ల గది వేడి చేసే ఖర్చు. రెండూ కలిపితే వార్మ్‌మీటె, అంటే 450. కరెంటు, ఇంటర్నెట్ ఇందులో ఉన్నాయో లేదో విడిగా అడగాలి. ఇంటికి 18.36 యూరోల నెలవారీ ప్రసార రుసుము కూడా ఉంటుంది, కలిసి ఉండేవాళ్లు పంచుకుంటారు. కౌట్సియోన్ అడ్వాన్సు లాంటిది. చట్టం ప్రకారం మూడు కాల్ట్‌మీటెలకు మించకూడదు. ఇక్కడ 1,020.

ఇప్పుడు మొదటి నెల చూడండి. అడ్వాన్సు 1,020, అద్దె 450, విద్యార్థి ఆరోగ్య బీమా సుమారు 145. మొత్తం 1,615 యూరోలు. జర్మనీ వీసాకు ఏడాదికి 11,904 యూరోలు బ్లాక్డ్ ఖాతాలో వేస్తారు గదా అని ఇంట్లో నిశ్చింతగా ఉంటారు. ఆ ఖాతా నెలకు 992 మాత్రమే వదులుతుంది. అంటే బియ్యం కొనకముందే 623 యూరోలు తక్కువ. సెమిస్టర్ రుసుము దీనికి అదనం. ఖాతాలో పన్నెండు లక్షలకు దగ్గరగా డబ్బుండి కూడా మొదటి నెలలో తోటివాళ్ల దగ్గర చేబదులు తీసుకోవాల్సి రావడానికి కారణం ఇదే. బ్లాక్డ్ ఖాతా కాక చేతిలో 1,500 నుంచి 2,000 యూరోలు విడిగా ఉండాలి. ఖరీదైన ఊరైతే ఇంకా ఎక్కువ, ఎందుకంటే అడ్వాన్సు అద్దెకు మూడింతలు.

రెండో నెల నుంచి ఊరి తేడా మరింత స్పష్టంగా కనిపిస్తుంది. 992లో బీమా పోను మిగిలేది 847. మ్యూనిక్‌లో పంచుకునే ఇంట్లో ఒక గది 750 నుంచి 800 దాకా పలుకుతుంది. తిండికి, ఫోనుకు మిగిలేది వంద లోపే. చెమ్నిట్జ్‌లో అలాంటి గది 300 చుట్టుపక్కల దొరుకుతుంది. చేతిలో 550 దాకా మిగులుతుంది. నెలకు 450 యూరోల తేడా అనుకున్నా 24 నెలలకు 10,800. యూరోను 100 రూపాయలుగా వేసుకుంటే పది లక్షల ఎనభై వేలు. ఫీజు సంగతి ఇందులో లేనే లేదు.

గది దొరికిందంటే సరిపోదు, ఆ చిరునామా మీద నగర కార్యాలయంలో నమోదు జరగాలి. ఇంట్లో దిగిన రెండు వారాల్లో చేయించుకోవాలని నియమం. దానికి ఇంటి యజమాని సంతకం చేసిన ధ్రువపత్రం కావాలి. నమోదు లేనిదే పన్ను సంఖ్య రాదు, నివాస అనుమతి పని ముందుకు సాగదు. పన్ను సంఖ్య లేకపోతే మొదటి పార్ట్‌టైం జీతంలో ఎక్కువ కోత పడుతుంది. నమోదు కుదరదని చెప్పే గది ఎంత చవకైనా దీర్ఘకాలానికి పనికిరాదు. బెర్లిన్ లాంటి పెద్ద నగరాల్లో ఈ అపాయింట్‌మెంట్లే వారాల తరబడి దొరకవు. చిన్న ఊళ్లలో చాలాచోట్ల అదే వారంలో అయిపోతుంది. ర్యాంకుల పట్టికలో ఇది ఎక్కడా కనిపించదు గానీ, మొదటి మూడు నెలలు ఎలా గడుస్తాయన్నది చాలావరకు దీని మీదే ఉంటుంది.

బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో చిక్కు వేరు. అక్కడ అద్దె వారానికి చెబుతారు. వారానికి 140 పౌండ్లు అంటే చాలామంది నాలుగుతో గుణించి 560 అనుకుంటారు. ఏడాదికి 52 వారాలు కాబట్టి నెలకు నిజంగా పడేది 607. విద్యార్థి వసతి గృహాల ఒప్పందం 44 వారాలా, 51 వారాలా అన్నదాన్ని బట్టి ఏడాదికి దాదాపు వెయ్యి పౌండ్లు మారుతుంది. వారం అద్దె తక్కువున్న గది ఏడాది మొత్తం మీద ఎక్కువ పడటం మామూలే. ఇంగ్లండ్‌లో అడ్వాన్సు అయిదు వారాల అద్దెకు మించకూడదు, యజమాని దాన్ని 30 రోజుల్లో గుర్తింపు పొందిన రక్షణ పథకంలో జమ చేయాలి. ఆ రసీదు అడగడం విద్యార్థి హక్కు. నెదర్లాండ్స్‌లో గదుల కొరత ఎంత ఉందంటే, వసతి కుదరకుండా బయల్దేరవద్దని యూనివర్సిటీలే హెచ్చరించిన సందర్భాలున్నాయి.

చదివిన ఊరే గడువును నిర్ణయించే చోట్లు

ఊరికీ వీసాకీ నేరుగా ముడి ఉన్నది ఆస్ట్రేలియాలో. సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ నగరాలను వదిలేస్తే మిగతా దేశాన్ని ప్రాంతీయ విభాగంగా లెక్కేస్తారు. పెర్త్, అడిలైడ్, కాన్‌బెర్రా, హోబర్ట్, న్యూకాజిల్, వొలంగాంగ్, జీలాంగ్, గోల్డ్ కోస్ట్ ఒక శ్రేణిలోకి వస్తాయి. డార్విన్ లాంటి దూరపు ఊళ్లు మరో శ్రేణిలోకి. చదువు తర్వాత వచ్చే తాత్కాలిక వీసా అయ్యాక, ప్రాంతీయ విభాగంలో చదివి అక్కడే నివసించినవారికి రెండోసారి వీసా దొరుకుతుంది. మొదటి శ్రేణికి ఒక ఏడాది, దూరపు శ్రేణికి రెండేళ్లు. శాశ్వత నివాసపు పాయింట్ల లెక్కలో ప్రాంతీయ చదువుకు 5 పాయింట్లు కూడా కలుస్తాయి. పేరు చూసి మెల్‌బోర్న్‌కు వెళ్లిన విద్యార్థికి ఇవేవీ రావు. అక్కడికి రైల్లో గంట దూరంలో ఉన్న జీలాంగ్‌లో చదివినవారికి వస్తాయి. ముఖ్యమైన షరతు, చదవడమూ ఉండడమూ రెండూ అక్కడే జరగాలి. జీలాంగ్‌లో పేరుండి మెల్‌బోర్న్‌లో అద్దెకున్నవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. అద్దె ఒప్పందాలు, కరెంటు బిల్లులు మొదటి రోజు నుంచీ దాచుకోవాలి.

కెనడాలో ఊరి ప్రభావం మరో దారిలో వస్తుంది. నిరుద్యోగం 6 శాతం, ఆ పైన ఉన్న మహానగరాల్లో తక్కువ జీతపు విదేశీ ఉద్యోగి అనుమతి దరఖాస్తులను 2024 సెప్టెంబర్ నుంచి తీసుకోవడం లేదు. మూడు నెలలకోసారి ఆ జాబితా మారుతుంది. మనవాళ్లు ఎక్కువగా చేరే టొరంటో ప్రాంతం అందులో ఉంటూ వచ్చింది. ప్రభుత్వ కాలేజీ పేరు మీద ప్రైవేటు సంస్థ నడిపే క్యాంపస్‌లో చదివితే, 2024 మే 15 తర్వాత చేరినవారికి చదువు తర్వాతి పని అనుమతి లేదు. ఇలాంటి క్యాంపస్‌లు ఎక్కువగా పెద్ద నగరం చుట్టూతానే ఉండేవి.

అమెరికాలో వీసా పొడవు ఊరిని బట్టి మారదు. సాంకేతిక కోర్సులకు ఎక్కడ చదివినా 12 నెలలు, ఆపైన 24 నెలలు. హెచ్-1బీ లాటరీ పద్ధతి మాత్రం 2026 నుంచి జీతపు స్థాయిని బట్టి మారింది. స్థాయి పెరిగేకొద్దీ ఎంపికయ్యే అవకాశం పెరుగుతుంది. ఆ నాలుగు స్థాయిలను కార్మిక శాఖ ప్రాంతం వారీగా లెక్కిస్తుంది. శాన్ హోసే చుట్టుపక్కల రెండో స్థాయికి కూడా చాలని జీతం, మధ్య రాష్ట్రాల్లో ఒక మోస్తరు నగరంలో మూడో స్థాయికి చేరవచ్చు. చదువయ్యాక మొదటి ఉద్యోగం చదివిన ఊరి చుట్టుపక్కలే రావడం ఎక్కువ కాబట్టి, ఊరి ఎంపికలో ఇదీ ఒక లెక్క అయింది.

పంటు లేని రేవు

సఖినేటిపల్లి నుంచి నర్సాపురం మ్యాపులో ఏటికి అవతలి గట్టు. పంటు (రేవు దాటించే పడవ) ఆగిన రోజున చించినాడ వంతెన మీదుగా చుట్టి రావాలి. విదేశీ నగరాల్లో గదికీ క్యాంపస్‌కూ మధ్య దూరాన్ని ఇలాగే చూడాలి. కిలోమీటర్ల లెక్క ఒక్కటీ చాలదు. రాత్రి పదకొండు తర్వాత బస్సుందా, ఆదివారం రైలు ఎన్నింటికి ఆగుతుంది అన్నవి అద్దెంత ముఖ్యం.

టెక్సస్‌లోని ఆర్లింగ్టన్ దీనికి మంచి ఉదాహరణ. డల్లాస్, ఫోర్ట్ వర్త్‌ల మధ్య దాదాపు నాలుగు లక్షల జనాభా ఉన్న నగరం. మనవాళ్లు ఎందరో చదివే విశ్వవిద్యాలయం ఆ ఊళ్లోనే ఉంది. నిర్ణీత మార్గాల్లో తిరిగే బస్సులు మాత్రం లేవు, కబురు పెడితే వచ్చే వ్యాన్లే. అదే ప్రాంతంలో రిచర్డ్‌సన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయం డల్లాస్ క్యాంపస్‌కు 2025 అక్టోబర్‌లో రైలు వచ్చింది, విమానాశ్రయం దాకా. రెంటి అద్దెలనూ పోల్చేటప్పుడు కారు ఖర్చును కలిపి పోల్చాలి. సెకండ్ హ్యాండ్ కారు ధర ఒక్కటే కాదు, అమెరికాలో డ్రైవింగ్ చరిత్ర లేని కొత్తవారికి బీమా భారీగా పడుతుంది. అద్దె నెలకు 200 డాలర్లు తక్కువని ఊరి చివర దిగినవాళ్లకు ఆ మిగులు బీమాకే చాలదు. ఇదే టెక్సస్‌లో అనుకూలమైన సంగతీ ఉంది. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో కనీసం 1,000 డాలర్ల పోటీ స్కాలర్‌షిప్ వస్తే స్థానిక విద్యార్థుల ఫీజు రేటు వర్తించే అవకాశం ఉంది. దీన్ని అడిగి తెలుసుకోవాలి, ఆఫర్‌లో తనంతట కనిపించకపోవచ్చు.

పని: కౌంటరు దగ్గరా, తన రంగంలోనా

పార్ట్‌టైం దొరుకుతుందా అన్నది ప్రతి ఇంట్లో అడిగే ప్రశ్న. జర్మనీలో ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు, బ్రిటన్‌లో సెమిస్టర్ నడిచేటప్పుడు వారానికి 20 గంటలు, కెనడాలో 24, ఆస్ట్రేలియాలో రెండు వారాలకు 48 గంటలు పని చేయవచ్చు. అమెరికాలో క్యాంపస్ లోపలే, వారానికి 20 గంటలు. పెద్ద నగరంలో బయటి పని తొందరగా దొరుకుతుందన్న మాట నిజమే. ఆ జీతాన్ని పెద్ద నగరపు అద్దే మింగుతుందన్నదీ నిజమే.

పార్ట్‌టైం పని తిండికి సరిపోతుంది. రుణం తీర్చేది తన రంగంలో వచ్చే ఉద్యోగం. దానికి నగరం పెద్దదై ఉండనక్కర్లేదు, ఆ రంగం అక్కడ బతికి ఉంటే చాలు. చిప్‌ల తయారీ వైపు వెళ్లాలనుకునేవారికి డ్రెస్డెన్ చుట్టూ ఇన్ఫినియన్, బాష్, గ్లోబల్‌ఫౌండ్రీస్ కర్మాగారాలున్నాయి. కటకాలు, కాంతి పరికరాలైతే చిన్న ఊరు యేనా, కార్ల తయారీ అయితే ఇంగోల్‌స్టాట్, వోల్ఫ్స్‌బుర్గ్. ఈ ఊళ్ల పేర్లు మన వైపు వినిపించవు. ఉచితంగా సేవ చేసే కన్సల్టెన్సీకి ఆదాయం ఎక్కువగా యూనివర్సిటీ ఇచ్చే కమీషన్ నుంచి వస్తుంది. జర్మనీ ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు సాధారణంగా కమీషన్ ఇవ్వవు. వినిపించకపోవడానికి అదొక కారణం.

డెల్టా పిల్లలకు ఈ విషయం ఇంకా దగ్గరది. రొయ్యల చెరువులు, చేపల మేత, నీటి నాణ్యత మీద పైచదువు చదవాలనుకునేవారికి లండన్ పేరుతో ఒరిగేది లేదు. స్కాట్లండ్‌లో స్టిర్లింగ్ అనే చిన్న ఊరి విశ్వవిద్యాలయంలో ఆక్వాకల్చర్‌కు ప్రత్యేక సంస్థ ఉంది. అమెరికాలో అలబామా రాష్ట్రం ఆబర్న్ ఈ చదువుకు పాత పేరు. పంట, ఆహార శాస్త్రాలకు నెదర్లాండ్స్‌లో వాగెనింగెన్, కాలువలు, వరదలు, సముద్రం ఉప్పునీరు చొచ్చుకురావడం వంటివాటికి డెల్ఫ్ట్. ధవళేశ్వరం ఆనకట్ట కింద పుట్టిన పిల్లవాడికి డెల్ఫ్ట్‌లో పాఠం కొత్తగా అనిపించదు. ఈ ఊళ్లన్నీ చిన్నవి, వీటిలో ఆ రంగం పెద్దది.

చిన్న ఊరికి ఒక ధర ఉంది, దాన్ని దాచకూడదు. అది భాష. జర్మనీలో కోర్సు ఆంగ్లంలో ఉన్నా చిన్న ఊరి కంపెనీలో పనికి బీ1, చాలాచోట్ల బీ2 స్థాయి (మధ్యస్థ స్థాయిలు) జర్మన్ అడుగుతారు. బెర్లిన్‌లో ఆంగ్లంతో నెట్టుకురావచ్చు, చెమ్నిట్జ్‌లో కష్టం. బయల్దేరేముందు ఏ2 (ప్రాథమిక స్థాయి) అయినా పూర్తిచేయకుండా చిన్న ఊరిని ఎంచుకోవడం మంచి నిర్ణయం కాదు.

మనవాళ్లున్న ఊరు

డల్లాస్, న్యూజెర్సీ వైపు, లండన్‌లో ఈస్ట్‌హామ్ వైపు వెళితే తెలుగు వినిపిస్తుంది. మొదటి ఆరు వారాలకు దీని విలువ లెక్కకట్టలేనిది. విమానాశ్రయానికి వచ్చే మనిషి, దిగడానికి గది, సిమ్ము, బ్యాంకు, జ్వరమొస్తే జావ. ఆ తర్వాత అదే బలం రెండు వైపులా లాగుతుంది. ఒకే వీధిలోని అవే కొట్లలో పార్ట్‌టైం పనికి అందరూ మనవాళ్లే పోటీ. ఒక గదిలో ఒప్పందానికి మించి ఆరుగురు సర్దుకుంటే, యజమాని ఖాళీ చేయించిన రోజున ఒప్పందంలో పేరు లేని నలుగురికి ఏ హక్కూ ఉండదు, చిరునామా రుజువూ ఉండదు. నియమాల మీద అనధికార సలహాలు కూడా ఇక్కడే ఎక్కువ పుడతాయి. ఫలానా వాడు క్యాంపస్ బయట చేశాడు, ఏమీ కాలేదు అన్న మాట విని ఎఫ్-1 హోదా పోగొట్టుకున్నవాళ్ల సంగతి ఆ గదిలో ఎవరూ చెప్పరు.

మనవాళ్లు పది మంది ఉన్న ఊరు చాలు, పదివేల మంది ఉండనక్కర్లేదు. యూనివర్సిటీ భారతీయ విద్యార్థుల సంఘం ఉందా, గత ఏడాది చేరిన తెలుగు విద్యార్థి ఒక్కరైనా మాట్లాడతారా అన్నది చూస్తే సరిపోతుంది. బియ్యం, కందిపప్పు, ఆవకాయకు కావాల్సిన కారం ఇప్పుడు దాదాపు ప్రతి యూనివర్సిటీ ఊళ్లోనూ దొరుకుతాయి, ఆ ఒక్క కారణంతో ఊరిని తేల్చనక్కర్లేదు.

పొలం, పంట, బ్యాంకు

కోనసీమలో నాలుగెకరాల కొబ్బరితోట ఉన్న కుటుంబానికి కోటి రూపాయల పైన ఆస్తి ఉండవచ్చు. అదే కుటుంబం పాతిక లక్షల విద్యా రుణానికి వెళితే బ్యాంకు ముందు పట్టణంలో ఇల్లుందా అని అడుగుతుంది. కారణం చట్టంలోనే ఉంది. బాకీ పడితే కోర్టుకు పోకుండా ఆస్తిని స్వాధీనం చేసుకునే అధికారాన్ని బ్యాంకులకు ఇచ్చే సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు. కాబట్టి విద్యా రుణానికి పొలాన్ని హామీగా తీసుకోవడానికి బ్యాంకులు సాధారణంగా ఒప్పుకోవు. గ్రామకంఠంలో ఉన్న ఇల్లయితే రిజిస్టర్డ్ దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు లేకపోవడం వల్ల బ్యాంకు తరఫున కాగితాలు చూసే ప్యానెల్ లాయరు దగ్గర ఆగుతుంది. తాతల నాటి పంపకం నోటిమాట మీద జరిగి ఉంటే ఇంకా కష్టం. ఈ కాగితాలు సరిచేసుకోవడానికి మూడు నాలుగు నెలలు పట్టడం మామూలు. సెప్టెంబర్ చదువుకు జనవరిలోనే ఈసీ (ఆస్తి లావాదేవీలు చూపే పత్రం) తీయించి చూసుకోవడం మంచిది.

హామీ ఆస్తి లేకుండా ప్రభుత్వ బ్యాంకులు సాధారణ పథకంలో ఇచ్చేది 7.5 లక్షల వరకు. మిగతాది బ్యాంకేతర సంస్థల నుంచి తెస్తే వడ్డీ రెండు మూడు శాతం ఎక్కువ పడుతుంది. 20 లక్షల మీద రెండు శాతమంటే ఏడాదికి 40 వేలు, చదివే రెండేళ్లూ వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. ఊరి ఎంపికకూ దీనికీ సంబంధం ఇక్కడే: పొలమే ఆస్తిగా ఉన్న ఇల్లు ఖరీదైన నగరానికి పిల్లవాణ్ని పంపితే, ఆ అదనపు అద్దె మొత్తం ఎక్కువ వడ్డీ రుణంలోంచే పోతుంది.

రెండోది పంట కాలం. బ్రిటన్ వీసాకు చూపే నగదు వరుసగా 28 రోజులు ఖాతాలో ఉండాలి. ఒక్క రోజు నిల్వ తగ్గినా లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. దరఖాస్తు చేసేనాటికి ఆ 28 రోజుల చివరి తేదీ దాటి 31 రోజులకు మించకూడదు. ఖాతా విద్యార్థిది లేదా తల్లిదండ్రులది అయి ఉండాలి, మేనమామ ఖాతాలోని డబ్బు చెల్లదు. సార్వా వడ్లు నవంబర్, డిసెంబర్లలో ఇంటికొస్తాయి, డబ్బు ఆ తర్వాత. ఆ డబ్బును నమ్ముకుని జనవరి చదువుకు వెళ్లాలనుకుంటే 28 రోజులు నిండేసరికి తరగతులు మొదలై ఉంటాయి. దాళ్వా డబ్బు మే నెలకు చేతికొస్తుంది, సెప్టెంబర్ చదువుకు చక్కగా సరిపోతుంది. లండన్ రేటుకు మరో 3,222 పౌండ్లు కలపాల్సి వచ్చినప్పుడు ఆ దాదాపు నాలుగు లక్షలను 28 రోజులకు బంగారం మీద అప్పుగా తెచ్చే ఇళ్లున్నాయి. ఊరు లండన్ కాకుంటే ఆ అప్పే అక్కర్లేదు.

రొయ్యల మీద బతికే ఇళ్లకు ఇంకొక జాగ్రత్త. 2025 ఆగస్టులో అమెరికా భారత వస్తువుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు చెరువు గట్టు మీద ధర కదిలిపోయింది. ఆదాయం అమెరికా కొనుగోలు మీద, ఖర్చు అమెరికా డాలరు మీద ఆధారపడితే రెండు దెబ్బలూ ఒకేసారి తగులుతాయి. అలాంటి ఇల్లు రెండో ఏడాది ఖర్చును పంట మీద వదలకుండా ముందే రుణంలో మంజూరు చేయించుకోవాలి.

సొంత డబ్బు పంపేటప్పుడు ఒక ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటితే బ్యాంకు టీసీఎస్ (ముందుగానే పట్టే పన్ను) పట్టుకుంటుంది. బ్యాంకు విద్యా రుణం నుంచి పంపే డబ్బుకు 2025 ఏప్రిల్ నుంచి అది లేదు. పట్టుకున్నది ఐటీ రిటర్నులో తిరిగి వస్తుంది. వ్యవసాయ ఆదాయమే ఉన్న ఇళ్లలో రిటర్ను వేసే అలవాటు ఉండదు. వేయకపోతే ఆ డబ్బు రాదు.

ఎంచుకునే క్రమం

దరఖాస్తుకు ఏడాది ముందే మొదలుపెట్టే వీలుంటే పని సులువు. కోర్సు ఖాయం చేసుకుని, ఆ రంగం కంపెనీలు ఎక్కడున్నాయో ముందు చూడాలి. ఉద్యోగాల వెబ్‌సైట్లలో ఆ పని పేరు కొట్టి, ఊరు వారీగా కొత్త విద్యార్థులకు సరిపడే ప్రకటనలు ఎన్నున్నాయో వరుసగా నాలుగు వారాలు రాసుకోవాలి. ఒక్క రోజు చూసినది నమ్మదగింది కాదు. ఆ జాబితా నుంచి నాలుగు ఊళ్లు, అక్కడ కోర్సున్న యూనివర్సిటీలు.

తర్వాత ఒక్కో ఊరికి రెండు అంకెలు వేయాలి: మొదటి నెలకు చేతి డబ్బు, ఆ తర్వాత నెల ఖర్చు. అమెరికా అయితే వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రంలో జీవన వ్యయం కింద యూనివర్సిటీ తానే ఒక అంకె ఇస్తుంది, నాలుగు యూనివర్సిటీల అంకెలు పక్కపక్కన పెడితే ఊళ్ల తేడా తెలిసిపోతుంది. మిగతా దేశాలకు విద్యార్థి వసతి సంస్థల ధరల పట్టిక చూడాలి. జర్మనీలో ఈ వసతికి పెద్ద నగరాల్లో సెమిస్టర్ల తరబడి వరుస ఉంటుంది, ప్రవేశం ఖాయం కాకముందే పేరు నమోదు చేయనిచ్చే చోట చేసేయాలి. ఆ దేశానికి వెళ్లేవారికి, మన చదువు కాగితాలను పరిశీలించి ఇచ్చే ఏపీఎస్ ధ్రువపత్రం 2022 నవంబర్ నుంచి తప్పనిసరి, దానికి పట్టే వారాలను కూడా లెక్కలో వేసుకోవాలి.

గది చూడకుండా డబ్బు పంపమనేవాళ్లలో మోసగాళ్లే ఎక్కువ. యజమాని విదేశంలో ఉన్నాననీ, తాళం పోస్టులో పంపుతాననీ చెప్పినా, అద్దె ఆ వీధి రేటుకంటే బాగా తక్కువున్నా, సొమ్ము ఇంకో దేశం ఖాతాకు వేయమన్నా అక్కడితో ఆపేయాలి. మొదటి నెలకు యూనివర్సిటీ అతిథి గృహమో, హాస్టలో రెండు మూడు వారాలకు తీసుకుని, అసలు గదిని అక్కడికి వెళ్లి కళ్లతో చూసి ఖాయం చేసుకోవడం కొంచెం ఖర్చుతో కూడినదే అయినా నష్టం లేని దారి. సెమిస్టర్ మొదలవడానికి నాలుగు వారాల ముందు చేరితే గదులు దొరుకుతాయి. అందరూ దిగే వారంలో దిగితే మిగిలినవి ఊరి చివరవే.

డిపాజిట్ కట్టేముందు చివరగా ఒక పని మిగులుతుంది. ఆ ఊళ్లో ఇప్పుడు రెండో ఏడాది చదువుతున్న ఒకరితో మాట్లాడి మూడు సంగతులు అడగాలి: నవంబర్‌లో గది అద్దె ఎంత కట్టారు, మొదటి జీతం ఏ నెలలో వచ్చింది, గత ఏడాది పూర్తిచేసిన సీనియర్లలో ఎందరు తమ రంగంలో ఆ చుట్టుపక్కలే చేరారు. మూడో దానికి సమాధానం రాకపోతే ఇంకొకరిని అడగాలి. ఇద్దరి దగ్గరా రాకపోతే జాబితాలో రెండో ఊరి వైపు చూడాలి.